గంగమ్మపేట తలుపు వేలం

"పారదర్శకతే ప్రజాస్వామ్యానికి ఊపిరి! దాపరికం లేనిచోటే విద్య వర్ధిల్లుతుంది!" అని హెడ్మాస్టరు గవర్రాజు గారు మైకులో ప్రకటించిన సమయానికి, ఆయన నిలబడిన వేదికకు సరిగ్గా వెనక, గంగమ్మపేట మున్సిపల్ హైస్కూలు ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు.

వేదిక మీది పెద్దల్లో ఈ సంగతి గుర్తున్నది ఈశ్వరి ఒక్కదానికే. గుర్తుండక ఏం చేస్తుంది, ఆవిడ కూతురు ధనశ్రీ అదే బడిలో ఎనిమిదో తరగతి చదువుతోంది. కానీ ఈశ్వరి ఇప్పుడు ఉత్త ఈశ్వరి కాదు, పేరెంట్స్ కమిటీ చైర్‌పర్సన్. హెడ్మాస్టరు ఉపన్యసిస్తుంటే చైర్‌పర్సన్ అడ్డం తగలకూడదు. అందుకని ఒళ్లో ఉన్న కొత్త హ్యాండ్‌బ్యాగు జిప్పు ఒకసారి లాగి, మళ్లీ మూసి, మెడ నిటారుగా పెట్టి కూర్చుంది.

ఈశ్వరి ఫిషింగ్ హార్బరులో చేపల పాట పెట్టే మనిషి. పాట అంటే వేలంపాట. పొద్దున్నే పడవలు రాగానే సరుకు గుట్టలుగా పోయించి, చుట్టూ మూగిన బేరగాళ్ల చేత ధర పెంచించడం ఆవిడ పని. ఆవిడ గొంతు విప్పితే పడవ ఇంజన్లు మూగబోయినట్టుంటాయని అక్కడివాళ్లు అంటారు. ఆవిడ దగ్గర నియమం ఒక్కటే. పాడినవాడు డబ్బు చేతిలో పెట్టాకే బుట్ట పైకి లేస్తుంది. రేపు ఇస్తాననే మాట వినబడితే ఆ గుట్ట మళ్లీ పాటకు పోతుంది.

అలాంటి మనిషిని తెచ్చి చైర్‌పర్సన్‌ను చేసినవాడు అర్జునరావు. ఆయనకు మరపడవలున్నాయి, ఇస్త్రీ నలగని తెల్లబట్టలున్నాయి, వచ్చే ఎన్నికల్లో కార్పొరేటరు టికెట్టు తనదేనన్న నమ్మకం ఉంది. బడి కమిటీ కూడా గుప్పిట్లో ఉంటే బాగుండుననుకున్నాడు గానీ, కమిటీలో కూర్చోవాలంటే పిల్లలు ఆ బడిలో చదవాలి. ఆయన పిల్లలు టైలు కట్టుకుని, పసుపుపచ్చ బస్సెక్కి, మధురవాడ దాటి కాన్వెంటుకు వెళతారు. సర్కారు బడిని మనమే కాపాడుకోవాలని ఆయన ప్రతి మీటింగులోనూ చెబుతాడు, ఆ కాపాడే పనిని మాత్రం ఇతరుల పిల్లలకు అప్పగించాడు. అందుకని వరసకు చెల్లెలయ్యే ఈశ్వరిని నిలబెట్టి గెలిపించాడు. చూపించినచోట సంతకం పెడుతుందిలే అని ఆయన ధీమా.

ఈశ్వరికి ఆ పదవి నచ్చలేదంటే అబద్ధం. హార్బరులో నలుగురి మధ్యనుంచి లేచి, నాకు మీటింగుంది అని చెప్పి వెళ్లడంలో ఒక రుచి ఉంది. బడి గుమ్మంలో టీచర్లు చైర్‌పర్సన్ గారూ అని నమస్కారం పెడుతుంటే, ఆ నమస్కారం ఎంతకు పోతుందో మనసులోనే పాట పెట్టుకునేది.

ఇక తలుపు సంగతి. దేశానికంతటికీ ఉక్కు పోసే ఊళ్లో ఒక్క ఇనుప తలుపు నిలబడకపోవడం వింతే గానీ, ఆ బడి సముద్రానికి ఎదురుగా ఉంది. ఉప్పుగాలికి తలుపు అడుగు నుంచి తుప్పు పట్టుకుంటూ పైకి వచ్చి, ఒక వానరోజు ధడేలున కూలింది. మగపిల్లల వైపు తలుపు అంతకుముందే కూలింది గానీ, దాన్ని గురించి బెంగపెట్టుకున్నవాళ్లు లేరు. ఆడపిల్లల వైపు అప్పటినుంచి ఆడపిల్లలే తలుపులు. ఒకమ్మాయి లోపలికి వెళితే ఇద్దరు బయట చున్నీ అడ్డం పట్టుకుని నిలబడతారు. తుపానుకు ప్రహరీ సగం పడిపోయింది, అవతల బస్టాపు. బస్సు ఆలస్యమైన కొద్దీ అక్కడ నిలబడ్డవాళ్ల చూపులు ఇటే వస్తాయి. ధనశ్రీ దీనికి తన ఉపాయం తాను చూసుకుంది. పొద్దున నిండుగా తీసుకెళ్లిన నీళ్లసీసాను సాయంత్రం నిండుగానే ఇంటికి తెచ్చేది.

కమిటీ ఖాతాలో డబ్బు లేదా అంటే, ఉంది. అయితే సర్కారు డబ్బుకు పాతివ్రత్యం ఉంటుందని గవర్రాజు గారు కమిటీకి వివరించారు. ఏ పద్దు కింద వచ్చిందో ఆ పద్దు కిందే ఖర్చు కావాలి, పరాయి పద్దు వంక కన్నెత్తి చూడకూడదు. చీపుళ్లకు పద్దు ఉంది, ఫినాయిలుకు ఉంది, సుద్దముక్కలకు ఉంది. తలుపుకు లేదు. తలుపు నిర్మాణం పనుల కిందికి వస్తుంది, దానికి ఇంజనీరు వచ్చి అంచనా వేయాలి, ఇంజనీరు కోసం పంపిన అర్జీ ఏ బల్ల మీద విశ్రాంతి తీసుకుంటోందో తెలియదు. ఈలోపు నియమం ప్రకారం చీపుళ్లు కొంటూ పోయారు. ఆయా తవిటమ్మ గదిలో చీపుళ్లు కప్పుదాకా పేరుకున్నాయి. ఈ సీపుర్లన్నీ కలిపి కట్టీసి తలుపు సేసీమంటారా మేస్టారూ అని తవిటమ్మ అడిగింది. ఆయన నిజంగానే ఆలోచించి, అలా చేస్తే చీపుళ్లను దుర్వినియోగం చేసినట్టవుతుందని చెప్పారు.

గవర్రాజు గారి తండ్రి గోదావరి జిల్లా నుంచి స్టీలుప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఉక్కునగరం క్వార్టర్సులో జీవితం గడిపిన మనిషి. తండ్రి నుంచి కొడుక్కి రెండు ఆస్తులు సంక్రమించాయి, మెత్తటి మాట ఒకటి, ఆడిట్ అంటే వణుకు ఒకటి. ఈ వేసవికి ఆయన రిటైరవుతారు. ఏ కాగితం మీదా ఏ అభ్యంతరమూ లేకుండా పెన్షను అందుకోవాలన్నదే ఆయన మిగిలిన కోరిక.

అందుకని తలుపుకు విరాళం అడగాలని తీర్మానించారు. పారదర్శకత గురించిన ఉపన్యాసం ఆ విరాళాల సభలోదే. ఉపన్యాసం ముగిశాక పీవీసీ తలుపులు బిగించే ఎల్లాజీని లేపి ఖర్చెంతని అడిగారు. తుప్పు పట్టని తలుపు, చట్రం, గడియ, కూలి అన్నీ కలిపి పన్నెండు వేలన్నాడు. పన్నెండు వేలు అడుక్కోవడం నామోషీ అని అర్జునరావు మైకు అందుకున్నాడు. వినాయకుడి లడ్డూ పాడినట్టు ఈ తలుపునూ పాడేద్దాం, గెలిచినవాడి పేరు దాతగా రాద్దాం, పాట మా చెల్లి పెడుతుంది అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది.

ఈశ్వరి హ్యాండ్‌బ్యాగు తవిటమ్మకిచ్చి, కొంగు బొడ్లో దోపింది. మైకు అక్కర్లేదంది. అయిదు వేల దగ్గర మొదలుపెట్టి ఆవిడ పాట అందుకునేసరికి, అందాకా కునుకుతున్న వెనకవరస లేచి కూర్చుంది. అర్జునరావు ఒక మాటంటే, ముఖ్య అతిథిగా వచ్చిన మోహనకృష్ణ ఇంకో మాట పైకి వేశాడు. ఈయన మధురవాడలో అపార్టుమెంట్లు కట్టి అమ్మే బిల్డరు. గంగమ్మపేట పక్కనే సముద్రం కనబడే ఫ్లాట్లు వేయబోతున్నాడు గనుక ఆ పేట మీద ఆయనకు ఈమధ్య ప్రేమ పుట్టింది. పన్నెండు వేలు ఎప్పుడు దాటిందో ఎవరూ గమనించలేదు. పాట పెరుగుతుంటే ఆపడం ఈశ్వరికి పుట్టి బుద్ధెరిగాక తెలియదు. చివరికి అర్జునరావు లక్షా నూట పదహార్లకు పాడాడు. మోహనకృష్ణ లేచి, ఓడిపోయినా తానూ అంతే ఇస్తానని ప్రకటించాడు. ఆ డబ్బుతో దొడ్డికేం ఖర్మ, బొబ్బిలి కోటకు తలుపు పెట్టించవచ్చు.

ఈశ్వరి అలవాటు ప్రకారం అర్జునరావు ముందు చెయ్యి చాపింది. అర్జునరావు ఆ చేతిలో మైకు పెట్టాడు.

మరునాడే థర్మాకోలుతో చేసిన మంచమంత చెక్కును పట్టుకుని ఫొటోలు దిగారు. పేపర్లో వేశారు. బడి గేటుకు ఫ్లెక్సీ వెలిసింది. ఒక పక్క నల్లకళ్లద్దాలతో ఫోను మాట్లాడుతున్న అర్జునరావు, ఇంకో పక్క చేతులు జోడించిన మోహనకృష్ణ, నడుమ బంగారు అక్షరాల్లో 'ఆడబిడ్డల ఆత్మగౌరవ రక్షకులు, కలియుగ దానకర్ణులు', కింద పెద్దగా 'సుస్వాగతం'. ఫ్లెక్సీ ఖర్చు మాత్రం ఇద్దరూ చెరిసగం అక్కడికక్కడే చెల్లించారు. ఫ్లెక్సీలు వేసేవాడు అరువు పెట్టడు.

ఆ తరవాత థర్మాకోలు చెక్కును ఎలకలు కొరకడం మొదలుపెట్టాయి గానీ అసలు చెక్కు రాలేదు. ఈశ్వరి వసూలుకు బయల్దేరింది. అర్జునరావు ఆవిడను కూర్చోబెట్టి, కూల్‌డ్రింకు తెప్పించి, చాలా ఓపిగ్గా బోధించాడు.

"పాటంటే పాట సెల్లీ, డబ్బంటే డబ్బు. రెండూ ఒకటెలగవుతాయి? లడ్డూ పాడినోడు మళ్లీ సవితికి గదా కడతాడు. నాను మొన్న పాడిన లడ్డూకే ఇంకా కట్టనేదు. దేముడే ఊరుకున్నాడు, నీ బడికేటి తొందర?"

ఈశ్వరికి అప్పటికి గానీ తన పొరపాటు తెలిసిరాలేదు. తాను పెట్టింది హార్బరు పాట. వాళ్లు పాడింది లడ్డూ పాట. లడ్డూ పాటలో పాడిన అంకె ఊరు వినడానికి, కట్టడానికి కాదు. ఊరంతటికీ తెలిసిన ఈ తేడా, పాటల మీదే బతికే తనకు తట్టకపోవడం ఆవిడకు మహా సిగ్గుగా అనిపించింది.

మోహనకృష్ణ ఆఫీసుకు మద్దిలపాలెంలో బస్సు మారి వెళ్లింది. చల్లటి గదిలో గాజు కప్పుతో టీ ఇచ్చారు. "ఎమౌంట్ ఆల్రెడీ కమిట్ అయ్యాను కదమ్మా. ఇక రిలీజ్ ఒక్కటే మిగిలింది," అన్నాడు ఆయన, మిగిలింది చిన్న పనే అన్నట్టు. ఫ్లాట్లు అమ్ముడవగానే రిలీజట. ఫ్లాట్లు ఇంకా కట్టనే లేదు.

ఇలా ఆవిడ తిరుగుతుండగానే ధనశ్రీ పడకేసింది. చలిజ్వరం, పొత్తికడుపులో మంట. ఆసుపత్రిలో లేడీ డాక్టరు పిల్లను పరీక్షించి, తల్లిని చెడామడా తిట్టింది. రోజంతా నీళ్లు తాగకుండా ఉగ్గబట్టుకుంటే మూత్రానికి చీము పట్టదా, కన్నతల్లివి నువ్వేం చూస్తున్నావని అడిగింది. చేపల గుట్ట ముందు ఎంతటి మొనగాడికైనా బదులు చెప్పే ఈశ్వరి, మందుల చీటీ అందుకుని బయటికి వచ్చేసింది. కమిటీకి పెద్దయి తాను సాధించింది హ్యాండ్‌బ్యాగు ఒక్కటేనని, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

జ్వరం తగ్గాక ధనశ్రీ తల్లికి తేల్చి చెప్పింది. "తలుపు ఎట్టేదాకా నాను బడికెల్లనమ్మా. నీతోటి హార్బరుకొచ్చి బుట్టలు మోత్తాను."

పిల్ల అన్నంత పనీ చేసే రకమని తల్లికి తెలుసు. ఈశ్వరి కూడా ఎనిమిదిలోనే బడి మానింది. ఆవిడ అక్కడితో బుట్ట ఎత్తింది, మళ్లీ దించలేదు. ఆ బుట్ట కూతురి నెత్తి మీదికి పోవడమన్న ఊహకే ఆవిడకు అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే పైనుంచి తాఖీదు వచ్చింది. మీ బడికి రెండు లక్షల పైచిలుకు విరాళం అందినట్టు పత్రికల్లో చూశాము, అభినందనలు, దానిని ఎలా ఖర్చు చేశారో లెక్క సిద్ధం చేసి ఉంచండి, ఎల్లుండి తనిఖీ అధికారి ఆశాజ్యోతి గారు వస్తున్నారు. గవర్రాజు గారు వెంటనే ఈశ్వరికి కబురు పెట్టి చూపించారు. డబ్బు రాలేదని రాసిపారేద్దాం అంది ఈశ్వరి. ఆయన ఆ మాటే భయపడుతూ భయపడుతూ అర్జునరావు చెవిన వేశారు. రాలేదని రాస్తే నా పరువు, నా టికెట్టు ఏం కావాలని ఆయన ఫోనులోనే గర్జించాడు. మోహనకృష్ణ గర్జించలేదు, అలాంటి రాతకోతలుంటే తమ లాయరు మాట్లాడతాడని మర్యాదగా చెప్పాడు.

గవర్రాజు గారు చాలాసేపు నెత్తి పట్టుకుని కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చారు. రాలేదంటే దాతలు ఊరుకోరు. వచ్చిందంటే ఏమైందో చెప్పాలి. కనుక వచ్చింది, ఖర్చయింది. తనిఖీకి వచ్చేవాళ్లు చూసేది కాగితాన్నే గాని గుమ్మాన్ని కాదని ఆయన ఆశ. బర్మా టేకు తలుపు, చెక్కిన నగిషీ, ఇత్తడి గడియ, ఇత్తడి బొడిపెలు, వార్నిషు, వెరసి రెండు లక్షల రెండొందల ముప్పైరెండు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క పైసా తినని మనిషి, తినని డబ్బుకు దొంగలెక్క రాయాల్సి వచ్చింది. పాపం, బొడిపెల దగ్గర ఆయన రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశారు.

బిల్లు మీద కమిటీ చైర్‌పర్సన్ సంతకం కూడా ఉండాలి. ఈశ్వరిని పిలిపించి, కుర్చీ వేయించి, పెన్ను మూత ఆయనే తీసి ఇచ్చారు.

"ఈ టేకు తలుపు ఏదండి మేస్టారూ?" అంది ఈశ్వరి.

"కాగితం మీద ఉందండి, ఈశ్వరి గారూ."

"కాయితం మీద తలుపు ఎట్టీసినాక, గుమ్మంలో ఇంకెప్పుడేనా పడతాదేటండి?"

గవర్రాజు గారు కిటికీలోంచి బస్టాపు వైపు చూశారు. "పడదండి," అన్నారు మెల్లిగా. "ఉన్నదానికి మళ్లీ ఎవరూ డబ్బివ్వరండి." ఆ మాట అన్నాక ఆయన ఆవిడ ముఖంలోకి చూడలేకపోయారు.

ఈశ్వరి పెన్ను మూత పెట్టి ఆయన చేతికే ఇచ్చేసింది. "సరుకు కంటబడకుండా నాను పాట ముగించనండి. రేపు పొద్దున్నకి గుమ్మానికి తలుపు ఎడతాను. అది సూసీసి అప్పుడు సెప్పండి, సంతకం ఎక్కడెట్టాలో."

మరునాడు పొద్దున్నే ఆవిడ, తవిటమ్మ కలిసి గేటు మీది ఫ్లెక్సీని దించారు. దాన్ని నాలుగు మేకులతో ఆడపిల్లల దొడ్డి గుమ్మానికి పైనుంచి తెరలా వేలాడేట్టు కొట్టారు. చుట్టూ చేరిన అమ్మాయిలు, ఆ మొకాలు మాత్రం నోపలికి వద్దన్నారు. అందుకని ముఖాలు బయటికి, అంటే బస్టాపు వైపుకు పెట్టారు. గుమ్మం ఇరుకు, ఫ్లెక్సీ వెడల్పు. నడుమనున్న ఆత్మగౌరవమూ దానకర్ణత్వమూ మడతలోకి పోయాయి. ఇటు అర్జునరావు, అటు మోహనకృష్ణ ఒకరి భుజానికొకరు ఆనుకుని, మరుగుదొడ్డి గుమ్మంలో నిలబడి, దారిన పోయేవాళ్లందరికీ సుస్వాగతం పలుకుతున్నారు.

మొదటి బస్సు వచ్చింది, ఆగింది, ఎక్కాల్సినవాళ్లు ఎక్కలేదు. అందరూ ఫోన్లు తీసి ఫొటోలు పట్టుకున్నారు. డ్రైవరు కూడా దిగివచ్చి ఒకటి తీసుకున్నాడు. రెండో బస్సు వచ్చేసరికి ఆ ఫొటో మధురవాడ చేరింది, కాన్వెంటు తల్లిదండ్రుల గ్రూపులోనూ పడింది. దాతలు ఏం దానం చేశారో ఇన్నాళ్లకు అర్థమైందని దాని కింద ఎవరో రాశారు.

అర్జునరావు ఎవరిదో బండి వెనక కూర్చుని, నల్లకళ్లద్దాలు లేకుండా వచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకుంటే ఫొటోలో మనిషి తనేనని తెలిసిపోతుందని ఆయన జాగ్రత్త.

"సెల్లీ, ముందది దించు."

"ఎలగ దించుతాను అన్నయ్యా? మన తలుపు అదే గదా. రేపు అధికారి గారొచ్చి, రెండు లచ్చల తలుపేదమ్మా అంటే ఏటి సూపించాలి?"

అంతలో మోహనకృష్ణ కారు దిగాడు. సీ వ్యూ ఫ్లాట్లకు అడ్వాన్సులిచ్చినవాళ్లు పొద్దుట్నుంచీ ఫోన్లు చేసి వ్యూ ఇదేనా అని అడుగుతున్నారట. వెంటనే తీయించండమ్మా, ప్లీజ్, అని ఆయన చేతులు జోడించాడు. వెనకనున్న ఫొటోలోనూ అచ్చం అలాగే జోడించి ఉన్నాడు.

ఈశ్వరి ఇద్దరినీ చూసింది. పడిపోయిన ప్రహరీ అవతల మూగిన జనాన్నీ చూసింది. హ్యాండ్‌బ్యాగు తవిటమ్మకిచ్చి, కొంగు బొడ్లో దోపింది.

"మడతెట్టి మేకు కొడితే ఒక మొకం కనబడదు. ఎవరి మొకం ముందు ముయ్యాలో పాడండి. ఇది లడ్డూ పాట కాదు, హార్బరు పాట. డబ్బు పడితేనే మేకు పడతాది. రెండేలు!"

ఒక్క క్షణం ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. ఇద్దరుగా ఉంటే ఏదో ఒకలా సరిపెట్టుకోవచ్చు గానీ, ఆ గుమ్మంలో ఒక్కడుగా మిగిలిపోవడం ఎవరికీ ఇష్టం లేదు. మూడు వేలన్నాడు మోహనకృష్ణ. నాలుగన్నాడు అర్జునరావు. ఆవిడ గొంతుకు బస్టాపు అవతలి దుకాణాల వాళ్లు కూడా కొట్లు వదిలి వచ్చేశారు. ఈసారి వాళ్లు గొప్పకు పాడలేదు, పళ్లు కొరుకుతూ పాడారు. పద్నాలుగు వేల దగ్గర మోహనకృష్ణ ఫోనుకు ఏదో పెద్ద పార్టీ నుంచి కాల్ వచ్చి, ఆయన అటు తిరిగేలోపు అర్జునరావు ముమ్మారు పాట కొట్టేసుకున్నాడు. ఫోను పెట్టేసిన మోహనకృష్ణ ఫ్లెక్సీ వైపు చూస్తే, అక్కడ తనొక్కడే ఉండబోతున్నాడు. తన ముఖమూ ముయ్యమని, తానూ పద్నాలుగే ఇస్తానని బతిమాలాడు.

ఈశ్వరి చెయ్యి చాపింది. ఈసారి ఆ చేతిలో ఎవరూ మైకు పెట్టలేదు. ఒకరు నోట్లు పెట్టారు, ఇంకొకరు కమిటీ ఖాతాకు ఫోనులోంచి పంపారు. డబ్బు పడినట్టు ఫోను మోగాకే తవిటమ్మ సుత్తి అందుకుంది.

సాయంత్రం గంట కొట్టేలోపు ఎల్లాజీ బూడిదరంగు తలుపు తెచ్చి బిగించాడు. లోపలవైపు గడియ కూడా వేశాడు. గవర్రాజు గారు బర్మా టేకు బిల్లును నాలుగు ముక్కలు చేసి, ఇరవైయెనిమిది వేలకు నిజమైన లెక్క రాసుకున్నారు. మిగిలిన డబ్బు ప్రహరీకి. పేపర్లో వచ్చిన రెండు లక్షల మాటేమిటన్న చిక్కు కూడా దానంతటదే విడిపోయింది. ఆ దొడ్డికీ తమకూ నిన్న మొన్నగాని, ఇకముందుగాని ఏ సంబంధమూ లేదని, పత్రికల్లో వచ్చింది పొరపాటు వార్తని ఇద్దరూ అడక్కుండానే రాసి సంతకాలు చేసి ఇచ్చారు. పద్నాలుగు వేలకు కూడా తమ పేర్లు ఎక్కడా కనబడకూడదని ఒట్టు వేయించుకున్నారు. అందుకని ఆయన 'పేరు చెప్పడానికి ఇష్టపడని దాతలు' అని రాశారు. ఆయన సర్వీసు మొత్తంలో ఇంత నిజమైన వాక్యం ఇంకోటి రాయలేదు.

మర్నాడు ఆశాజ్యోతి గారు వచ్చారు. తలుపు తీశారు, వేశారు, గడియ పెట్టి చూశారు, లెక్క చూశారు, పేపర్లో వచ్చిన రెండు లక్షలు పొరపాటు వార్తని హెడ్మాస్టరు చెబితే తలూపారు. పేరు వద్దన్న దాతల దగ్గరకు వచ్చేసరికి ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఈ రోజుల్లో ఒక చీపురు ఇచ్చినా దాని కర్ర మీద పేరు రాయించుకుంటున్నారని, ఇలాంటి మహానుభావులు ఇంకా ఉండబట్టే వానలు కురుస్తున్నాయని అన్నారు. వాళ్లకు రిపబ్లిక్ డే నాడు కలెక్టరు గారి చేతుల మీద సన్మానం చేయించాలన్నారు. శాలువా, జ్ఞాపిక, కూడలిలో పెద్ద ఫ్లెక్సీ. ఇంతకీ ఎవరండీ వాళ్లు, నాకు మాత్రం చెప్పండి అన్నారు.

గవర్రాజు గారు ఒట్టు గుర్తొచ్చి నోరు మూసుకున్నారు. కానీ తనిఖీ ఎలా జరుగుతుందో చూద్దామని గేటు దగ్గర తచ్చాడుతున్న రెండు శాల్తీలు సన్మానమన్న మాట చెవిన పడగానే దగ్గరికి వచ్చేశాయి. అర్జునరావు జేబులోంచి నల్లకళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు.

"కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలీకూడదు మేడమ్, అందుకే పేరొద్దన్నాను," అన్నాడు. తనది కూడా సేమ్ పాలసీ మేడమ్, అని మోహనకృష్ణ చేతులు జోడించాడు. నిన్న సంతకాలు చేసిచ్చిన కాగితాలు హెడ్మాస్టరు గారి జేబులోనే ఉన్నాయన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

అప్పుడే బడిలో పిల్లల్ని నీళ్లు తాగడానికి వదిలే గంట కొట్టారు. ధనశ్రీ తరగతి గదిలోంచి పరుగున వచ్చి, ఖాళీ సీసాను కుళాయి కింద పెట్టింది. పొద్దుట్నుంచీ అది రెండోసారి నింపడం. నిండీ నిండకముందే ఎత్తి గటగటా తాగింది. ఈశ్వరి కాసేపు అధికారి మాటలు వినలేదు. సీసాలో నీళ్లు ఎంతదాకా దిగాయో చూస్తూ నిలబడింది.

"ఏమంటారు చైర్‌పర్సన్ గారూ, సన్మానం చేయించేద్దామా?" అని ఆశాజ్యోతి గారు అడిగారు.

"తప్పకుండా సేయించండి మేడమ్," అంది ఈశ్వరి. "ఫ్లెక్సీ మాత్రం గట్టి గుడ్డతోటి ఏయించి, పనయిపోనాక బడికిప్పించండి. మొగపిల్లల వైపూ తలుపు నేదు."

అర్జునరావు కళ్లద్దాలు తీసేశాడు.